ముడి ఎక్కడుందో చూడు, బిడ్డా

బిడ్డా,

నీ కథ రెండుసార్లు చదివాను. దేవరకొండ కోట మెట్ల మీద దూత ఎండలో నిలబడి ఎదురుచూసే ఘట్టం చాలా బాగుంది. కానీ రాజు షేర్వానీ గుండీలు సర్దుకుంటూ వచ్చేసరికి నా మనసు చివుక్కుమంది. నీ కథ జరిగేది 15వ శతాబ్దంలో. షేర్వానీ రూపుదిద్దుకున్నది 19వ శతాబ్దంలో.

ఈ తప్పు నేనూ చేశాను. నా తొలి కథలో కుతుబ్‌షాహీల కాలపు అధికారి జామాకు, అంటే పొడుగాటి అంగీకి, వరసగా గుండీలు పెట్టాను. అచ్చయ్యాక మా వీధి దర్జీ చదివి, "జామాకు గుండీలెక్కడియి సార్, బొందులుంటయి గదా" అన్నాడు. అప్పటినుంచి ఏ పాత చిత్రం చూసినా ముందు ముడి ఎక్కడుందో వెతుకుతాను. జామాలో ఒక అంచు మీదికి ఇంకో అంచు వచ్చి చంక కింద బొందులతో ముడిపడుతుంది. మొగలుల కాలపు చిత్రాల్లో ఆ ముడి ముస్లింలకు కుడివైపు, హిందువులకు ఎడమవైపు. మతం పేరెత్తకుండానే పాత్ర ఎవరో చెప్పేయొచ్చు.

నీ రాజుకు కబాయి అనే పొడుగాటి అంగీ తొడిగించు, తలకు కుల్లాయి అనే పొడుగు టోపీ పెట్టించు. కర్ణాట రాజును చూడటానికి కుల్లాయి పెట్టుకుని, కోక చుట్టి, పెద్ద కూర్పాసం (చొక్కా) తొడిగానని శ్రీనాథుడు ఒక చాటువులో వాపోయాడు. (అక్కడ కోక కట్టింది మగవాడే, గమనించు.) తనది కాని వేషం కవి ఒంటికి ఎంత బరువైందో ఆ పద్యంలో తెలుస్తుంది. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం చూశావా? తల మీద కుల్లాయి ఉంది, నడుం పైన బట్ట లేదు. దేవుడి ముందు చేతులు జోడించి నిలబడ్డాడు మరి. ఎవరి ముందు ఏ బట్ట వేస్తారో, ఏది విప్పుతారో అదే రాయాలి. రంగూ జరీ తర్వాత.

నర్తకికి నువ్వు రాసిన పేష్వాజ్ కూడా మొగలుల కాలపు గౌనే. ముందు తెరుచుకుని నడుం దగ్గర ముడిపడుతుంది, లోపల పైజామా ఉంటుంది. ఈ కథలోంచి తీసెయ్, గోల్కొండ కథ రాసినప్పుడు పనికొస్తుంది.

దూత వెళ్లిపోయాక రాజు ఒక్కడే మిగులుతాడు కదా, అక్కడ నువ్వు తొందరపడ్డావు. ఆ కుల్లాయి తీయనీ, కబాయి విప్పనీ, ఒంటికి గాలి తగలనీ. ఆ పేజీ తిరగరాసి ఆదివారం తీసుకురా. పానగల్లు పోదాం, సోమేశ్వరాలయం శిల్పాలు నీతో కలిసి మళ్లీ చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
నల్లగొండ నుంచి నీ తెలుగు సార్