బండి చప్పుడుకు ఆగిపోయే పాట

ప్రశ్న: మాది విజయవాడ. పాప అయిదో తరగతి. మూడో తరగతి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, గీతాలు అయిపోయి వర్ణానికి వచ్చింది. మావారికి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో వేస్తానంటారు. ‘పాటలు కూడు పెడతాయా’ అన్నది ఆయన మాట. మా మామగారు తెనాలి పక్క పల్లెల్లో నాటకాలకు హార్మోనియం వాయిస్తూ రెండెకరాలు పోగొట్టారట. అందుకే సంగీతం సంగతి మావారికి చెప్పలేదు, లెక్కల ట్యూషన్ అని చెప్పాను. ఫీజు మా అన్నయ్య పంపుతాడు. పాప కూడా తెలివైంది, నాన్న బండి చప్పుడు వినగానే శ్రుతి పెట్టె కట్టేసి లెక్కల పుస్తకం తీస్తుంది. హాస్టల్ ఖర్చు తను పెట్టుకుంటానని అన్నయ్య అంటున్నాడు. రిషీవ్యాలీ, కళాక్షేత్ర, హైదరాబాద్‌లో పియానో గదులున్న ఒక ఇంటర్నేషనల్ స్కూలు... వీటిలో సంగీతానికి ఏది మంచిది?

జవాబు: అమ్మా, స్కూళ్ల సంగతి ముందు తేల్చేద్దాం, దానికి ఎక్కువసేపు పట్టదు.

చెన్నైలో నాట్యం, సంగీతం నేర్పడానికి రుక్మిణీదేవి 1936లో మొదలుపెట్టిన కళాక్షేత్రలో డిప్లొమాకు చేరేది ఇంటర్ అయ్యాక. మీ పాపకు ఇంకా ఏడేళ్ల టైముంది. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ మంచి స్కూలే. అక్కడ పాట, ఆట, కొండలు, పిట్టలు అన్నీ చదువులో కలిసే ఉంటాయి. కానీ పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చకూడదన్న జిడ్డు కృష్ణమూర్తి మాట నచ్చినవాళ్లు పంపే స్కూలది. ‘నా కూతురు బాగా పాడాలి’ అన్న ఒక్క పట్టుదలతో పంపేది కాదు. ఇక పియానో గదుల స్కూలుకు వెళ్తే గదులు చూడకండి, ఎనిమిదో తరగతి టైమ్‌టేబుల్ అడగండి. సంగీతం మాస్టారు అక్కడి ఉద్యోగా, వారానికి రెండుసార్లు వచ్చిపోయే మనిషా? పరీక్షలు దగ్గర పడితే ఆ పీరియడ్ ఎవరు లాక్కుంటారు? సీబీఎస్ఈలో తొమ్మిది, పది తరగతులకు కర్ణాటక గాత్రం ఒక సబ్జెక్టుగానే ఉంది. కిందటేడు మీ దగ్గర ఎంతమంది తీసుకున్నారని అడిగి చూడండి, స్విమ్మింగ్ పూల్ చూపిస్తామని లేస్తారు. నవోదయలో సంగీతానికి, బొమ్మలు గీయడానికి టీచర్లుంటారు, ఫీజు భారమూ లేదు. ఆరో తరగతిలో చేరాలంటే పరీక్ష అయిదులోనే రాయాలి. అంతెందుకు, మీ ఊళ్లోనే ఘంటసాల పేరున ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. బాలమురళీకృష్ణగారు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చోటది. మీరెందుకో దాని పేరే ఎత్తలేదు.

ఘంటసాల అంటే గుర్తొచ్చింది. ఆయన విజయనగరం వెళ్లి మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తింటూ, సంగీతం నేర్చుకున్న కథ ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. దాన్ని మీ ఆయన దగ్గర మాత్రం ఎత్తకండి. ఆయన భయమే అది.

మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది బండి చప్పుడు దగ్గర. అది మీరు మురిపెంగా రాశారు. నాకు మాత్రం గుండె కలుక్కుమంది. పదేళ్ల పిల్ల అనుపల్లవి మధ్యలో ఉంటుంది. ఒక చెవి శ్రుతి మీద, ఇంకో చెవి వీధి మీద. గేటు కిర్రుమనేలోపు పెట్టె మంచం కిందికి, పుస్తకం ఒళ్లోకి. అలా పాడే గొంతు ఏ స్కూల్లో వేస్తే నిలబడుతుందమ్మా? ఈ తెలివి మీరు నేర్పిందే. పదిహేనో ఏట అదే పుస్తకం అడ్డం పెట్టి మీ దగ్గర ఇంకేదో దాస్తుంది. అప్పుడు నాకు మళ్లీ ఉత్తరం రాస్తారు.

మా అమ్మ చీర కొంటే నాన్నకు సగం ధరే చెప్పేది. చిన్న అబద్ధమే, ఇల్లేమీ కూలలేదు. కానీ నా పెళ్లయిన కొత్తలో, మా ఆయన ఏమీ అనకుండానే, కూరగాయల లెక్క కూడా తగ్గించి చెప్పేదాన్ని. ఎందుకో నాకే తెలియదు. ఆ అలవాటు వదలడానికి చాలా ఏళ్లు పట్టింది.

మీ ఆయన గురించి ఇంత రాశారు కదా, ఆయన్ని కూర్చోబెట్టి ఏదైనా అడిగినట్టు ఒక్క ముక్క లేదు. ‘పాటలు కూడు పెడతాయా’ అన్న మాట ఆయన సొంతమై ఉండదు. చిన్నప్పుడు ఆ ఇంట్లో, బియ్యం డబ్బా అడుగంటిన ఏదో సాయంత్రం, మీ అత్తగారి నోట విని ఉంటారు. తండ్రి రాత్రంతా పద్యాలకు వాయించి, చెవుల్లో వన్స్‌మోర్లు మోగుతుండగా తెల్లారి ఇంటికొస్తే, ఆ గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు ఏం చూశాడో మీకు తెలుసా? ఆ రెండెకరాలు ఎవరి చేతికి పోయాయో, ఆ హార్మోనియం ఏమైందో ఎప్పుడైనా అడిగారా? సంగీతాన్ని తిడుతున్నారని మీరనుకుంటున్నారు. నాకైతే ఆయన ఇంకా తండ్రితోనే పోట్లాడుతున్నట్టుంది.

అలాగని ఆయన్ని వదిలిపెట్టను. రెండేళ్లకు పైగా ‘లెక్కల ట్యూషన్‌’కి వెళ్తున్న కూతురి లెక్కల నోట్సు ఒక్కసారైనా తెరిచారా? తెరిస్తే మీ గుట్టు ఎప్పుడో బయటపడేది. ఐఐటీ అంటూ అంత హడావుడి చేసే తండ్రి ఆ మాత్రం చూడకపోతే ఎలా? ఈ మాట నేనన్నానని చెప్పినా ఫరవాలేదు.

మీ అన్నయ్య డబ్బు దగ్గర నేను మొహమాట పడను. పుట్టింటి సాయం తప్పు కాదు, ఆడపిల్లకు ఆ హక్కుంది. భర్తకు చెప్పి తీసుకుంటే అది సాయం. దాచి తీసుకుంటే, ఈ పిల్లకు తండ్రి అక్కర్లేదని మీ అన్నాచెల్లెళ్లు తీర్మానం చేసినట్టే. నట్టూ బోల్టూ లెక్కపెట్టి అమ్ముకునే మనిషి ఆయన. బావమరిది డబ్బుతో కూతురు పాట నేర్చుకుంటోందని ఏ పెళ్లిలోనో ఎవరి నోటో వింటే, ఐఐటీ మీద ప్రేమతో కాదు, అవమానంతో ఆ పాట ఆపించేస్తారు. మీరిద్దరూ కలిసి ఆయన్ని ఆ పరిస్థితికి తెస్తున్నారు.

హాస్టల్ ఆలోచన కూడా పాప కోసం చేస్తున్నట్టు నాకనిపించడం లేదు. దూరంగా ఉంటే దాచే పని తప్పుతుంది, అంతే కదా? వర్ణం దాకా తెచ్చిన టీచర్ని వదిలి, పదేళ్ల పిల్ల కొత్త చోట కొత్త బాణీతో మళ్లీ మొదలుపెట్టాలా? ఆ టీచరు దగ్గరే ఉండనివ్వండి. స్కూలంటారా, సాయంత్రం నాలుగింటికి వదిలేది ఏదైనా సరే. ఆరో తరగతి పిల్లను చీకటి పడేదాకా కూర్చోబెట్టే ఫౌండేషన్ బ్యాచ్ మాత్రం వద్దని ఆయనకు గట్టిగా చెప్పండి. దానికి బదులుగా లెక్కల బాధ్యత మీరు నిజంగా తీసుకోండి, ఈసారి నిజం ట్యూషన్.

ఈ నెల డబ్బు పంపొద్దని అన్నయ్యకు ఫోన్ చేయండి. శనివారం పాపను పాఠానికి దింపి, ఆయన్ని షాపు నుంచి కాస్త పెందలాడే రమ్మనండి. ముందు మామగారి గురించి అడగండి, ఆ తర్వాత ట్యూషన్ సంగతి చెప్పండి, ఫీజెంతో కూడా చెప్పండి. గొడవవుతుంది, అవనివ్వండి. పాపను తీసుకురావడానికి మాత్రం ఆయన్నే పంపండి. అయిదు నిమిషాలు ముందే వెళ్లి, బండి సందు చివర ఆపి నడిచి వెళ్లమనండి.