నా రబ్బరు ఎవరు తీశారు?

ప్రశ్న: నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలు ట్యాబ్‌లో అక్షరాలు దిద్దుకునే చిన్న యాప్ చేస్తున్నాం. 8 అంగుళాల స్క్రీన్, టూల్‌బార్ (పెన్సిల్, రబ్బరు, రంగుల బటన్లుండే పట్టీ) పెడితే ఒత్తులున్న అక్షరాలకి చోటు చాలడం లేదు. అందుకని మూడు సెకన్లు ఎవరూ ముట్టుకోకపోతే బార్ దానంతటదే పోయేలా, కింది అంచు నుంచి పైకి లాగితే వచ్చేలా పెట్టాం. మాకు బాగానే ఉంది గానీ పిల్లలు తికమకపడుతున్నారు. అసలు దాచడమే తప్పా?
– ఒక డెవలపర్, గుంటూరు

జవాబు: దాచుకోండి, చోటు కావాలి కదా. కానీ ఆ మూడు సెకన్ల లెక్క ఈరోజే తీసేయండి. వీడియోలు చూసి చూసి మనకి తెర మీద ఒకసారి తడితే బటన్లు వస్తాయని అలవాటైపోయింది. నాలుగేళ్ల పిల్లకి మూడు సెకన్లంటే ఏ రంగు తీసుకోవాలో ఆలోచించే టైమ్ కూడా కాదు. మా అక్క మనవడు ఇలాంటి బొమ్మల యాప్‌లోనే ఏనుగుకి తోక గీశాడు, తప్పొచ్చింది, చెరుపుదామని చూస్తే రబ్బరు లేదు. స్క్రీన్ మీద వెతకలేదు వాడు, సరాసరి పక్కన కూర్చున్న వాళ్లక్క మీద పడ్డాడు, ‘నా రబ్బరు ఇచ్చెయ్’ అని.

ఇక కింది అంచు. పిల్లలు దిద్దేటప్పుడు చూడండి, పలక మీద ఆనించినట్టే అరచెయ్యి మొత్తం అక్కడే ఆనిస్తారు. పైగా చాలా ఆండ్రాయిడ్ ట్యాబుల్లో కింది నుంచి పైకి లాగడమంటే హోమ్‌కి పోవడం. బార్ కోసం లాగితే యాప్‌లోంచే బయటపడతారు.

ఈ చిక్కు పెద్ద సంస్థలకీ వచ్చింది. పేద దేశాల పిల్లలకి చవక ల్యాప్‌టాప్‌లు చేసిన వన్ ల్యాప్‌టాప్ పర్ చైల్డ్ వాళ్ల ఆకుపచ్చ ఎక్స్‌ఓ ల్యాప్‌టాప్ గుర్తుందా, 2007లో వచ్చింది, 7.5 అంగుళాల తెర? దాని ఇంటర్‌ఫేస్ పేరు షుగర్. అందులో తెర చుట్టూ ఫ్రేమ్ అని ఒక పట్టీ ఉంటుంది, మామూలుగా కనబడదు, మౌస్ బాణం మూలకి వెళ్తే వస్తుంది. పిల్లల చేతిలో బాణం మూలకి పోకుండా ఉంటుందా? ఎంతసేపు ఆగాక ఫ్రేమ్ రావాలో మార్చుకునే సెట్టింగ్ తర్వాత పెట్టాల్సొచ్చింది. కీబోర్డు మీద దానికని విడిగా ఒక కీ కూడా ఉంది, నన్నడిగితే అసలు మంచి ఆలోచన అదే. షుగర్ యాప్‌లలో టూల్‌బార్లు మొదట్లో తెర పైన విడివిడి పేజీల్లా (బ్రౌజర్ ట్యాబుల్లా) ఉండేవి, యాప్ ఆపే బటన్ ఒక్క పేజీలోనే, ఇంకో పేజీలో ఉన్న పిల్లాడు మూసెయ్యాలంటే వెనక్కెళ్లి వెతుక్కోవాలి. 2009లో 0.86 వెర్షన్‌తో అది మార్చారు: ఐకాన్ నొక్కితే కింద రెండో పట్టీ తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కేదాకా అలాగే ఉంటుంది, ఆపే బటన్ మాత్రం ఎప్పుడూ కుడి చివరే.

మీరూ దాచే పని పిల్లల వేలికే వదిలేయండి. దాచాక పై మూల పెన్సిల్ బొమ్మతో చిన్న చెవిలాంటిది మిగలాలి, కనీసం ఒకటిన్నర సెంటీమీటర్లు. మెనూకి పెట్టే మూడు గీతల గుర్తు వద్దు, పిల్లలకి అవి ఉట్టి గీతలే. బార్ చటుక్కున మాయం కాకుండా ఆ చెవిలోకి జారుతూ పోతే ఎక్కడుందో వాళ్లకే తెలుస్తుంది. రబ్బరునీ, చేసింది వెనక్కి తీసుకునే బటన్‌నీ అసలు దాచొద్దు. ‘మొత్తం చెరుపు’ బటన్ మాత్రం ఎంత లోపలికి దాచినా నాకు అభ్యంతరం లేదు!

ప్రశ్న: మా మూడేళ్ల పాప బొమ్మలు వేస్తూ వేస్తూ ఎక్కడో నొక్కేసి యాప్ మూసేస్తోంది, ఆ తర్వాత ఏడుపు. కంప్యూటర్‌లో టక్స్ పెయింట్ ఉంది, వాళ్ల అమ్మమ్మ ఐప్యాడ్‌లో ఇంకోటి.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: పాత కథే అమ్మా. క్రెయిగ్ హిక్‌మన్ అనే ఆయన తన మూడేళ్ల కొడుకు మ్యాక్‌లో పొరపాటున మెనూలు తెరిచి ఇరుక్కుపోవడం చూసే 1989లో కిడ్ పిక్స్ అనే పిల్లల బొమ్మల ప్రోగ్రామ్ రాశాడు, మెనూ బార్ దాచే ‘స్మాల్ కిడ్స్ మోడ్’ కూడా దాంట్లో వచ్చింది. మీరు టక్స్ పెయింట్ కాన్ఫిగ్ (దాని సెట్టింగ్‌లు మార్చే విడి ప్రోగ్రామ్) తెరిచి ఫుల్‌స్క్రీన్ పెట్టి, క్విట్ బటన్ తీసేయండి, ఎస్కేప్ కీ కూడా పనిచెయ్యదు. మీరు మూయాలంటే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. ఐప్యాడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద గైడెడ్ యాక్సెస్ (తెరిచిన యాప్‌లోంచి బయటికి పోనివ్వదు) ఆన్ చేసి, యాప్ తెరిచాక హోమ్ బటన్ మూడుసార్లు నొక్కండి (హోమ్ బటన్ లేకపోతే పవర్ బటన్), పాప ముట్టుకోకూడని చోట వేలితో సున్నా చుట్టేయండి. దాన్ని ఆపే పాస్‌కోడ్ మాత్రం పాప చూస్తుండగా కొట్టకండి.