కల్లుగీత ఇంటి అమ్మాయి వ్యసన చికిత్సపై పరిశోధన చేయవచ్చా?

ప్రశ్న: నల్లగొండ జిల్లా మునుగోడు దగ్గరి ఊళ్లో కల్లుగీత కార్మికుడిని. మా అమ్మాయి నల్లగొండలో బీఏ సైకాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. తాగుడు, మత్తుమందుల అలవాటుతో పాటు మానసిక జబ్బు కూడా ఉన్నవాళ్లకు చేసే చికిత్స మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఈ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా? అలాంటి వాళ్ల మధ్య ఆడపిల్ల పనిచేయగలదా? పైగా కల్లు గీసే ఇంటి నుంచి వెళ్లి ఈ చదువు చదివితే నలుగురూ ఏమంటారోనన్న బెంగ కూడా ఉంది.
– ఒక తండ్రి

జవాబు: మీ చివరి సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది నేరుగా మీ అమ్మాయి ఎంచుకున్న విషయంలోకే తీసుకెళుతుంది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు సరఫరాను అధికారులు కట్టడి చేసినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో చాలామంది ఫిట్స్‌తో, మతిచలించిన ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు చనిపోయారు కూడా. వారిని ఆ స్థితికి తెచ్చింది తాటిచెట్టు కాదు, కల్లులో కలిపిన అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు. రోజూ ఒంట్లోకి వెళ్లే అల్ప్రాజోలం ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టే వైద్యులు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ దాన్ని మాన్పిస్తారు. చెట్టు మీది కల్లులోనూ పులిసేకొద్దీ ఆల్కహాల్ పెరుగుతుంది గనుక అది ఏ హానీ చేయదని నేను అనను గానీ, కల్తీ వల్ల మీ వృత్తికి ఎంత చెడ్డపేరు వచ్చిందో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ కల్తీ మనిషిని ఏం చేస్తుందో తేల్చే చదువు కల్లుగీత ఇంటి బిడ్డ చదివితే అందులో తలవంపులేమీ లేవు.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ రంగంలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఒకటుంది: తాగుడు వల్ల మానసిక జబ్బు వచ్చిందా, లేక ముందునుంచీ ఉన్న జబ్బును తట్టుకోలేక మనిషి తాగుడుకు అలవాటుపడ్డాడా? తాగడం మానిన రెండో రోజో మూడో రోజో వార్డులో ఒక మనిషి దుప్పటి మీద లేని చీమలను ఏరుతూ, గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతూ ఉంటే, ఇంటివాళ్లు గాలి సోకిందంటారు, కొత్తగా వచ్చిన విద్యార్థి స్కిజోఫ్రెనియా (లేనివి వినిపించే, కనిపించే తీవ్రమైన మానసిక జబ్బు) అని రాసుకుంటాడు. అది మద్యం హఠాత్తుగా ఆగడం వల్ల వచ్చిన స్థితి కావచ్చు, విడిగా ఉన్న జబ్బు కావచ్చు, రెండూ కలిసి ఉండవచ్చు. వీటిని విడదీయాలంటే రోగి మత్తు లేకుండా గడిపిన కాలం కావాలి. అమెరికాలో బ్రౌన్, షుకిట్ అనే పరిశోధకులు 1988లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్సకు చేరిన మద్యం వ్యసనపరుల్లో 42 శాతం మందికి తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు కనిపించగా, తాగకుండా నాలుగు వారాలు గడిచేసరికి అవి 6 శాతం మందిలోనే మిగిలాయి. మన జిల్లాల్లో అలాంటి కాలం కోసం ఎక్కడికో వెళ్లి వెతకనక్కరలేదు. "అయ్యప్ప మాల ఏసుకున్న నలభై ఒక్క రోజులు ఈయన ఎట్లుండె? నిద్ర పట్టెనా? ఎవరో పిలుస్తుండ్రని అప్పుడు కూడ అన్నడా?" అని భార్యను అడిగితే, అచ్చువేసిన ప్రశ్నావళిలో దొరకని ఆచూకీ దొరుకుతుంది.

ఇలాంటి ప్రశ్న వేయడం రోగుల దగ్గర కూర్చున్నవారికే అలవడుతుంది. అందుచేత నా సలహా ఏమిటంటే, మీ అమ్మాయి పీజీ ముగియగానే పీహెచ్‌డీకి పరుగెత్తకుండా, ముందు రోగులతో పనిచేసే వృత్తి అర్హత సంపాదించాలి. పీహెచ్‌డీ ఒక్కటే ఉంటే ఎక్కువగా అధ్యాపక ఉద్యోగాల కోసమే ఎదురుచూడవలసి వస్తుంది. వృత్తి అర్హత కూడా ఉంటే ఆసుపత్రి, పునరావాస కేంద్రం, పరిశోధన ప్రాజెక్టు, కళాశాల అన్నీ అందుబాటులోకి వస్తాయి.

ఆ అర్హతకు రెండు దారులున్నాయి. సీపీగెట్ (తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష) రాసి ఉస్మానియాలో సైకాలజీ పీజీ చేయడం, ఆపైన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సులో చేరి ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవడం మొదటిది. ఈ నమోదు లేకుండా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడం కుదరదు. ఇన్నాళ్లూ దీనికి రెండేళ్ల ఎంఫిల్ ఆధారంగా ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి కాబట్టి, చేరేముందు ఆ కోర్సుకు ఆ సంవత్సరానికి గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో స్వయంగా చూసుకోండి, కాలేజీవాళ్ల మాట మీద ఆధారపడకండి. రెండోది ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి సైకియాట్రిక్ సోషల్ వర్క్ వైపు, అంటే మానసిక రోగుల కుటుంబాలతో పనిచేసే వైపు వెళ్లడం. కుటుంబాలతో, ఊళ్లతో మాట్లాడడమే మీ అమ్మాయికి ఇష్టమైతే ఈ దారిని తక్కువగా చూడవద్దు. పైన చెప్పిన మాలధారణ ప్రశ్న వేయవలసింది ఎక్కువగా వీరే. ఇంట్లో ఉండి దూరవిద్యలో సైకాలజీ చదవవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, 2025 విద్యాసంవత్సరం నుంచి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) దాన్ని నిలిపివేసింది.

పరిశోధనకు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రమే ఉంది. ఎయిమ్స్ వారి జాతీయ వ్యసన చికిత్స కేంద్రం ఘజియాబాద్‌లో ఉంది. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 రూపాయలు ఇస్తారు గనుక పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లే అయినా మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది. కాబట్టి వృత్తి అర్హతకు రెండు మూడేళ్లు వెచ్చించినా ఆలస్యమైపోదు.

పని కొరత లేదు, పర్మినెంటు పోస్టుల కొరత మాత్రం ఉంది; ఈ మాట దాచి మీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో, కేంద్ర నిధులతో నడిచే డీ-అడిక్షన్ కేంద్రాల్లో చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు మీదే ఉంటాయి. అవసరం సంగతి వేరు. మత్తు పదార్థాల వాడకంపై 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకు తీసుకున్న 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేనే లేదు. రెండు జబ్బులకూ ఒకే బృందం ఒకేసారి చికిత్స చేయాలన్న పద్ధతి అమెరికాలో 1990ల నుంచి పరీక్షకు నిలిచింది. గోవాలో వైద్యులు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి చేయించిన కౌన్సెలింగ్ ఎక్కువ తాగేవారికి మేలు చేసిందని 2017లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. ఆల్కహాల్‌తో పాటు అల్ప్రాజోలం కూడా ఒంటబట్టిన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఈ రెండు పద్ధతులనూ కలిపి నడపవచ్చా అన్నది పదేళ్ల పరిశోధనకు సరిపోయే ప్రశ్న.

ఆడపిల్ల భద్రత గురించి మీ భయం సహజమే. అయితే ఆసుపత్రిలో పరిశోధకురాలు ఒంటరిగా పనిచేయదు. వైద్యులు, నర్సులు పక్కనే ఉంటారు, పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, రోగి మత్తు దిగి తెలివిలో ఉన్నప్పుడే సమ్మతి తీసుకోవాలి. నాకున్న అనుమానం మరొకటి. మీ అమ్మాయి మీ ఊరినే అధ్యయనానికి ఎంచుకుంటానంటే మాత్రం వద్దనండి. మీ దగ్గర కల్లు తాగేవారు మీ కూతురికి నిజం చెప్పలేరు, చెప్పినా ఆ రహస్యం ఊళ్లో దాగదు.

వెంటనే చేయవలసింది ఒకటుంది. మీరు కేంద్ర ఓబీసీ జాబితాలోకి వస్తే, రాష్ట్రంలో వాడే బీసీ కుల ధ్రువీకరణ పత్రం నిమ్హాన్స్‌కు గానీ జేఆర్‌ఎఫ్‌కు గానీ చెల్లదు. నాన్ క్రీమీలేయర్ (ఓబీసీల్లో సంపన్న వర్గానికి చెందరన్న) వివరం ఉన్న కేంద్ర నమూనా పత్రం విడిగా తీసుకోవాలి. దరఖాస్తు గడువు దగ్గరపడ్డాక తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే పని లేకుండా ఇప్పుడే మీసేవలో పెట్టుకోండి.