గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచాలా, వేళకు పెట్టి తీసేయాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. కుక్క ముందు తిండి గిన్నె రోజంతా ఉంచేయాలా, లేక మనం తిన్నట్టే వేళకు పెట్టి తీసేయాలా అని. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు నాలుగేళ్లు, ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. నేనూ మా వారూ ఉద్యోగాలకు వెళ్తాం కాబట్టి పొద్దున్నే గిన్నె నిండా డ్రై ఫుడ్ పోసి పోతాం, ఖాళీ అయితే మా అత్తయ్య మళ్లీ పోస్తారు. ఇప్పుడది 38 కిలోలు ఉంది, మెట్లెక్కితే ఆయాసపడుతోంది. "దానికెంత కావాలో దానికి తెలీదా" అంటారు అత్తయ్య. నిజంగా తెలుస్తుందా డాక్టర్ గారూ? (విజయవాడ)

జవాబు: కొన్ని కుక్కలకు తెలుస్తుందమ్మా. లాబ్రడార్లలో చాలావాటికి తెలీదు, అందులో మీ తప్పుగానీ దాని తప్పుగానీ లేదు. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ జాతిలో పీఓఎంసీ అనే జన్యువును పరిశీలించి, దాదాపు ప్రతి నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి ఆ జన్యువులో చిన్న ముక్క లోపించి ఉందని తేల్చారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడంలో ఆ జన్యువుకు పాత్ర ఉంది. అది సరిగా పని చేయని కుక్కకు పూటకీ పూటకీ మధ్య మిగతావాటికంటే ఎక్కువ ఆకలేస్తుంది. దానికి తోడు ఆపరేషన్ అయిన కుక్కకు శక్తి ఖర్చు తగ్గుతుంది, ఆకలేమో పెరుగుతుంది. అలాంటి కుక్క ముందు నిండు గిన్నె ఉంచితే ఖాళీ అవుతూనే ఉంటుంది, మీ అత్తయ్య ప్రేమగా పోస్తూనే ఉంటారు.

ముందు ఒకసారి డాక్టర్‌కు చూపించి థైరాయిడ్ సమస్య ఏమైనా ఉందేమో తెలుసుకోండి. లేకపోతే ఇక లెక్కే. మీ కుక్క ఉండాల్సిన బరువు సుమారు 30 కిలోలు అనుకుంటే, ఆ బరువున్న, ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు రోజుకు దాదాపు 1,400 కేలరీలు చాలు. వంద గ్రాములకు 350 కేలరీలుండే డ్రై ఫుడ్ అయితే 400 గ్రాములన్న మాట. బరువు తగ్గాలంటే మామూలుగా 900 కేలరీల దగ్గర మొదలుపెడతాం, అంటే దాదాపు 250 గ్రాములు. అయితే మామూలు ఫుడ్‌నే అంత తగ్గించేస్తే దానితోపాటు ప్రోటీన్, విటమిన్లు కూడా తగ్గిపోతాయి కాబట్టి బరువు తగ్గించడానికని విడిగా దొరికే ఫుడ్ ఏది బాగుంటుందో మీ డాక్టర్‌నే అడగండి. వారానికి అరకిలో లోపు తగ్గితే చాలు. నాలుగైదు నెలలు పడుతుంది, తొందరపడకండి.

మీ అత్తయ్య ఇంట్లోనే ఉంటారన్నారు, ఇది మీకు చాలా కలిసొచ్చే విషయం. గ్లాసుతోనో కప్పుతోనో కొలవొద్దు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కొలత అవుతుంది. కిచెన్ స్కేల్ మీద తూచి ఆ రోజు వాటా పొద్దున్నే ఒక డబ్బాలో పోసి పెట్టండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గిన్నెలో వేయండి, మధ్యలో అత్తయ్యకు పెట్టాలనిపిస్తే ఆ డబ్బాలోంచే నాలుగు గింజలు చేత్తో తినిపించమనండి. ఆవిడ చేతి తిండి ఆగదు, కుక్క బరువూ పెరగదు. మేరీ బిస్కెట్లు పెడుతుంటే మాత్రం మానేయండి, ఒక్కోదానిలో 20 కేలరీలకు పైనే ఉంటాయి, రోజుకు నాలుగంటే చిన్న విషయం కాదు.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా చేసి, జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. తక్కువ తిన్నవి 13 ఏళ్ల వరకూ, రెండో గుంపు 11 ఏళ్లు దాటి కొద్ది నెలల వరకూ బతికాయి (ఇవి మధ్యస్థ లెక్కలు). కీళ్ల జబ్బులు కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చాయి. రెండేళ్లంటే కుక్క జీవితంలో ఎంత పెద్ద భాగమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మాది జర్మన్ షెపర్డ్, మూడేళ్లు. మా బాపు కాలం నుంచీ మా ఇంట్లో కుక్కకు రాత్రి ఒక్కపూటే అన్నం, పెద్ద బేసిన్ నిండా. రెండు నిమిషాల్లో ఊడ్చేస్తుంది. పొద్దున కడుపు ఖాళీగా ఉంటేనే కాపలా బాగా కాస్తుందని బాపు మాట. మార్చాలంటారా? (కరీంనగర్)

జవాబు: మార్చాలి సార్, ఈ వారమే మార్చండి. వెనకటి నాటు కుక్కలకు రాత్రి మిగిలిన అన్నం పెడితే సరిపోయిందంటే అవి పగలంతా ఊరు తిరిగి ఎక్కడో ఏదో తినేవి. మీ షెపర్డ్ గేటు లోపలే ఉంటుంది, దానికి మీరు పెట్టిందే తిండి.

నా భయం వేరే. షెపర్డ్, గ్రేట్ డేన్, డాబర్‌మాన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు కడుపు గ్యాస్‌తో ఉబ్బి మెలిపడిపోయే ప్రమాదం ఎక్కువ. రోజుకు ఒకేసారి బోలెడంత తినడం, గబగబా మింగడం ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి. మెలిపడితే రక్త ప్రసరణ ఆగిపోతుంది, గంటల్లో ఆపరేషన్ జరగకపోతే కుక్క దక్కదు. పొట్ట డోలులా బిగుసుకుపోవడం, వాంతి చేసుకోవాలని ప్రయత్నిస్తున్నా ఏమీ రాకపోవడం, చొంగ కార్చడం, పడుకోలేక లేచి తిరుగుతూ ఉండడం చూస్తే అర్ధరాత్రి అయినా సరే బండి తీయండి. సోడా తాగించి, వాము నీళ్లు పోసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

అదే తిండిని రెండు పూటలు చేయండి. బేసిన్ బదులు వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి పెడితే మింగే వేగం దానంతటదే తగ్గుతుంది. తిన్న వెంటనే పరుగులు పెట్టించొద్దు. ఇంకో మాట, రాత్రి అన్నం పెడతామన్నారు కాబట్టి చెబుతున్నా, సాంబారు, కూరల్లోని ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి, వండినా ఆ గుణం పోదు. ఉత్త అన్నం, ఉడికించిన చికెన్, గుడ్డు పెట్టండి, ఉడికిన ఎముకలు మాత్రం వద్దు. కేవలం అన్నం మీదే పెంచాలంటే కాల్షియం లాంటివి తక్కువపడతాయి, దాని సంగతి డాక్టర్‌తో విడిగా మాట్లాడండి. కాపలాకు ఆకలితో సంబంధం లేదు.

ప్రశ్న: మా షిట్జూ గిన్నెలో వేసింది రోజంతా అలాగే ఉంటుంది, తినదు. నేను కూర్చుని చికెన్ ముక్క కలిపి చేత్తో పెడితేనే తింటుంది. కొన్నిసార్లు తెల్లవారుజామున పసుపు నురుగు కక్కుతుంది. చాలా టెన్షన్‌గా ఉంది. (కాకినాడ)

జవాబు: ముందు నోరు తెరిచి చూపించండి, షిట్జూలలో పళ్ల జబ్బులు ఎక్కువ, నొప్పి వల్ల గట్టి గింజలు నమలలేకపోతూ ఉండొచ్చు. నోరు బాగుందని తేలితే ఇది అలవాటే. గింజలు ఎప్పుడూ అక్కడే ఉంటాయి, ఆగితే చికెన్ వస్తుంది అని అది నేర్చుకుంది, తెలివైనదే. పైగా మీది సముద్రం గాలి తగిలే ఊరు, పొద్దున పోసిన గింజలు మధ్యాహ్నానికి మెత్తబడి వాసన పోగొట్టుకుంటాయి, చీమలు పడతాయి, రాత్రి ఎలుకలు వచ్చి మూతి పెడతాయి. ఎలుక మూత్రం పడ్డ తిండి వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనుషులకూ అంటుతుంది. పెరుగన్నం లాంటి తడి తిండినైతే ఎండాకాలంలో అరగంటకు మించి బయట ఉంచకండి.

రోజుకు మూడుసార్లు పెట్టండి. గిన్నె పెట్టి, ఇరవై నిమిషాలు మీ పని మీరు చూసుకోండి, పక్కన కూర్చుని బతిమాలొద్దు. తినకపోతే మాట్లాడకుండా తీసేసి మళ్లీ వేళకు తాజాగా పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒకటి రెండు పూటలు మానేస్తే ప్రమాదం లేదు, మీకే కష్టంగా ఉంటుంది, ఓర్చుకోండి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా, నీరసంగా ఉన్నా మాత్రం ఇక పంతం వద్దు, డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఆ పసుపు నురుగు చాలాసార్లు రాత్రంతా కడుపు ఖాళీగా ఉండడం వల్ల వచ్చే పైత్యం, మూడో పూటను పడుకోబోయే ముందుకు జరిపితే తగ్గిపోవాలి. తగ్గకపోతే పరీక్ష చేయించాల్సిందే.

ప్రశ్న: మాకు రెండు కుక్కలు, ఒకదానికి తొమ్మిదేళ్లు, ఒకదానికి రెండు. రెండూ ఒకే పెద్ద గిన్నెలో ఎప్పుడు కావాలంటే అప్పుడు తింటాయి, ఎప్పుడూ పోట్లాడుకోలేదు. అలాగే ఉంచొచ్చా? (నిజామాబాద్)

జవాబు: పోట్లాడుకోకపోవడం సంతోషమే. కానీ ఏది ఎంత తింటోందో మీకు తెలుసా?

కొన్నేళ్ల కింద నా దగ్గరకు ఇలాంటి ఇంటి నుంచే ఒక ఆడకుక్కను తెచ్చారు. ఏడేళ్లది, ఆపరేషన్ చేయించలేదు, ఎదకు వచ్చి నెలన్నర అయింది. గర్భసంచి నిండా చీము. ఎన్నాళ్ల నుంచి తినడం లేదని అడిగితే ఆ ఇంటాయన "గిన్నె రోజూ ఖాళీ అవుతూనే ఉందండీ" అన్నారు. రెండో కుక్క రెండు వాటాలూ తింటోంది. ఇది అప్పటికే నాలుగైదు రోజులుగా నీళ్లు తాగుతూ నెట్టుకొస్తోంది. ఆపరేషన్ చేశాం, బతకలేదు. ఆయన ఆ కుక్కను ఎంత ప్రేమగా చూసుకున్నారో నాకు తెలుసు, అందుకే ఆ ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది.

కుక్క తనకు బాగాలేదని చెప్పే మొదటి మాట తిండి మానేయడమే. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర ఎంత ఎక్కువో తెలిసిందే, దానిలోనూ చాలాసార్లు జ్వరం మనం గమనించకముందే ఆకలి పోతుంది. వేళకు పెట్టే ఇంట్లో ఆ పూటే తెలుస్తుంది. ఉమ్మడి గిన్నె ఉన్న ఇంట్లో మూడో రోజో నాలుగో రోజో తెలుస్తుంది.

రెండు గిన్నెలు కొనండి, వీలైతే వేర్వేరు గదుల్లో, లేదంటే చెరో మూలన పెట్టి అవి తినేదాకా మీరు అక్కడే ఉండండి, పది నిమిషాల పని. పెద్దదానికి కిడ్నీ సమస్యో షుగరో వస్తే రేపు దాని తిండి వేరేగా ఉండాల్సి వస్తుంది, షుగర్‌కు ఇన్సులిన్ అయితే తిన్న తర్వాతే ఇవ్వాలి, అప్పుడు కొత్తగా నేర్పడం కంటే ఇప్పుడే అలవాటు చేయడం తేలిక. నీళ్ల గిన్నె మాత్రం రోజంతా నిండుగానే ఉండాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఆటోమేటిక్ ఫీడర్ కొన్నాడు, ఫోన్‌లోంచే తిండి పడేలా. మంచిదేనా? (రాజమండ్రి)

జవాబు: మంచిదే, గ్రాములు సరిగ్గా పెట్టుకుంటే. డ్రై ఫుడ్‌కే వాడాలి, కెమెరా ఉన్నదైతే తిన్నదో లేదో కూడా చూసుకోవచ్చు. ఇంట్లో ఎవరైనా ఉన్న పూట చేత్తోనే పెట్టమనండి.

ప్రశ్న: మా పొమరేనియన్ ఈని 32 రోజులైంది, మూడు పిల్లలు. తల్లి ఎంత పెట్టినా తినేస్తోంది, పిల్లలు కూడా గిన్నెలో మూతి పెడుతున్నాయి. వేళలు ఇప్పుడే మొదలుపెట్టాలా? (తిరుపతి)

జవాబు: ఇక్కడ మాత్రం గిన్నె నిండుగానే ఉంచండి! పాలిచ్చే తల్లికి మామూలు కంటే రెండు మూడు రెట్లు తిండి కావాలి, కుక్కపిల్లల కోసం తయారు చేసే ఫుడ్ ఎప్పుడు అడిగితే అప్పుడు తిననివ్వండి. పిల్లలు పాలు మానే కొద్దీ తల్లి తిండి మెల్లగా తగ్గించి మళ్లీ రెండు పూటలకు తీసుకురండి.

పిల్లలకు అదే ఫుడ్ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి జావలా చేసి రోజుకు నాలుగైదుసార్లు ఇవ్వండి. ఆవుపాలు వద్దు, చాలా పిల్లలకు విరేచనాలవుతాయి. ఇంత చిన్న జాతి పిల్లలు ఎక్కువసేపు ఆకలితో ఉంటే ఒంట్లో షుగర్ పడిపోయి తూలుతాయి, వణుకుతాయి, అప్పుడు తేనె గానీ చక్కెర నీళ్లు గానీ చిగుళ్లకు రాసి వెంటనే హాస్పిటల్‌కు తీసుకెళ్లాలి. మూడు నెలలు దాటేదాకా నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు చాలు. వేళకు తిన్న పిల్ల పావుగంట, అరగంటలో దొడ్డికి వెళ్తుంది, అప్పుడు బయటికి తీసుకెళ్తే ఇల్లు పాడు చేయకుండా త్వరగా నేర్చుకుంటుంది.

ఎనిమిది వారాలు నిండకుండా ఎవరికీ ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు ఒక వారానికి సరిపడా అదే ఫుడ్, మీరు ఏ వేళకు ఎన్ని గ్రాములు పెడుతున్నారో రాసిన చీటీ కూడా ఇచ్చి పంపండి.