షిరాయిషి ద్వీపంలో బోన్ నాట్యానికి వెళ్ళే ముందు

చిరంజీవి అమ్మాయికి, మీ పెద్దనాన్న ఆశీస్సులు.

జపాన్‌లోని షిరాయిషిలో ఇల్లు కుదిరిందనీ, ఆగస్టులో చనిపోయినవారిని తలచుకునే బోన్ పండుగ నాట్యంలో నువ్వూ ఆడాలనుకుంటున్నావనీ రాశావు. చాలా సంతోషం. కొన్నేళ్ళు ఆ ద్వీపంలో ఉన్నవాడిగా నాకు తెలిసినవి చెబుతాను.

1183లో మిజుషిమా దగ్గర తైరా, మినమోతో వంశాల మధ్య జరిగిన సముద్ర యుద్ధంలో చనిపోయినవారి ఆత్మశాంతి కోసం ఆ నాట్యం మొదలైందని అక్కడివారు చెబుతారు. 2022లో అది యునెస్కో జాబితాకెక్కింది. అయినా ఊరివారికి అది ప్రదర్శన కాదు. ఆ ఏడాదే తమవారిని పోగొట్టుకున్నవాళ్ళు వలయంలో నీ పక్కనే ఆడుతూ ఉండవచ్చు. అందుకని ఆడుతూ ఆడుతూ ఫోను పైకెత్తవద్దు.

ఆ నాట్యం విశేషమేమిటంటే, ఒకే పాటకు, ఒకే డోలు దెబ్బకు మగవారి ఆట, ఆడవారి ఆట, కన్నెపిల్లల ఆట వంటివన్నీ ఒకే వలయంలో ఒకేసారి సాగుతాయి. మన బతుకమ్మలో అందరి చప్పట్లూ కలిసి పడతాయి కనుక చూస్తూనే కలిసిపోవచ్చు గానీ, అక్కడ పక్కవారిని చూస్తే అడుగు తప్పుతుంది. మొదటి ఏడాది నేను ఉత్సాహం కొద్దీ ఒక ఆటలోంచి మరో ఆటలోకి మారుతూ వెనకవారికి అడ్డుపడుతుంటే, ఒక ముసలమ్మ మాట్లాడకుండా నా చొక్కా చెయ్యి పట్టుకుని తన వెనక నిలబెట్టుకుంది. ఆ రాత్రంతా ఆమె మడమలనే చూస్తూ ఆడాను. నువ్వు కూడా ఒక్క ఆటనే ఎంచుకుని, బాగా తెలిసిన ఒకరి వెనకే ఉండు. రెండో ఆట వచ్చే ఏడు నేర్చుకోవచ్చు.

యుకాతా, అంటే వేసవిలో తొడిగే పలుచని నూలు కిమోనో, కట్టుకునేటప్పుడు కుడి అంచు ఒంటికి ఆనించి, ఎడమ అంచు దానిమీదికి తెచ్చుకో. తిరగేసి కట్టడం శవానికి చేసే అలంకారం. చనిపోయినవారిని తలచుకునే రాత్రి ఆ పొరపాటు చూసినవారి మనసు చివుక్కుమంటుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, పండుగకు ముందటి నెలలు ఒక ఎత్తు. ఇంటింటికీ తిరిగే సమాచారపు అట్ట, దాన్ని కైరాన్‌బాన్ అంటారు, నీ గుమ్మానికి వస్తే చదివి, ముద్ర వేసి, ఆ రోజే పక్కింటికి అందించు. గడ్డి కోతకూ సముద్రపు ఒడ్డు శుభ్రం చేయడానికీ పిలుపు వస్తే తప్పక వెళ్ళు. నాట్యంలో నాకు చోటివ్వండని నువ్వుగా అడగవద్దు. నాలుగుసార్లు కొడవలి పట్టినవారిని వాళ్ళే అభ్యాసానికి రమ్మంటారు.

పండుగ మర్నాడు పొద్దున్నే అవతలి ఒడ్డున ఉన్న కసాఓకా పట్నానికి వెళ్ళే ఓడ ఎక్కేయకు. డేరాలు విప్పే పని ఉంటుంది. చేతి తొడుగులు తీసుకెళ్ళు, రాత్రి తేమకు తాళ్ళు తడిసి ముడులు బిగుసుకుపోయి ఉంటాయి.