బ్రాకెట్లలో పడిన ఆ ఒక్క వాక్యం

కావలి

చిరంజీవి పాపకు, అత్తయ్య ఆశీస్సులు.

ఒంగోలులో పదిమందిని కూర్చోబెట్టి వారం వారం ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ నవల 'టు ది లైట్‌హౌస్' చదివిస్తావని, ఎవరికి ఏమనిపించిందో రాసి ఉంచుతావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏళ్ల తరబడి నేను పాఠం చెప్పిన పుస్తకం నా మేనకోడలి చేతికి వచ్చిందని సంతోషం. ఆ పుస్తకమే ఎందుకు ఎంచుకున్నావో తెలుసు కాబట్టి భయం.

చిన్న విషయాలు ముందు చెబుతాను. కుర్చీలు గుండ్రంగా వేయించు. మంచినీళ్లు పెట్టు. పల్లెలకు వెళ్లే ఆఖరి బస్సు వేళ కనుక్కుని దానికి అరగంట ముందే ముగించు. పుస్తకం పూర్తి చేయలేకపోయినవాళ్లనూ రమ్మను.

ఇరవై ప్రశ్నల పత్రం అచ్చు వేయిస్తున్నావట. చించెయ్యి. ఇంత చదువు చదివి ఇదేం ఆలోచన? 'చైతన్య స్రవంతి అనగానేమి' అని మొదలుపెడితే రెండోవారానికి ఖాళీ కుర్చీలే మిగులుతాయి. మొదటి పేజీ పైకి చదువు, చాలు. ఆరేళ్ల జేమ్స్ నేల మీద కూర్చుని కేటలాగులో బొమ్మలు కత్తిరించుకుంటూ ఉంటాడు. రేపు వాతావరణం బాగుంటే లైట్‌హౌస్‌కు వెళ్లవచ్చని తల్లి ఆశ పెడుతుంది. బాగుండదని తండ్రి తేల్చేస్తాడు. అలాంటి తండ్రి ప్రతి వీధిలోనూ ఉంటాడు. ఆ పిల్లవాడి కోపం ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

తరువాత తలా ఒక పెన్సిలు ఇచ్చి, ఒక్కో పేరా పక్కన అక్కడ ఆలోచిస్తున్నది ఎవరో పేరు రాసుకోమను. కథ ఒకరి మనసులోంచి ఇంకొకరి మనసులోకి చెప్పకుండా జారిపోతుంది, అందుకే దారి తప్పుతారు. తప్పనీ. వెనక్కి వచ్చి మళ్లీ చదువుతారు.

ఇందులో ఏమీ జరగలేదని ఒకరు విసుక్కుంటారు. విసుక్కోనీ. మూడు రోజులు శ్రమపడి వండిన మాంసం కూర, అతిథులు ఆలస్యం చేస్తే ఎక్కడ పాడవుతుందోనని జేమ్స్ తల్లి శ్రీమతి రామ్సే ఆరాటపడే చోట, ఎవరో ఒకావిడ మన చేపల పులుసు సంగతి ఎత్తుతుంది. పులుసు మరునాటికే రుచి అని, వాళ్లాయనకు మాత్రం పొయ్యి మీద నుంచి దించగానే కావాలని చెబుతుంది. విషయానికి రమ్మని ఆమెను తొందరపెట్టకు. ఆమె విషయంలోనే ఉంది.

శ్రీమతి రామ్సే దేవత అని కొందరు, కనిపించినవాళ్లందరికీ పెళ్లిళ్లు చేయాలని చూసే పెత్తందారు అని కొందరు వాదించుకుంటారు. నువ్వు తీర్పు చెప్పకు. నాకు ఆమె మీద ప్రేమా ఉంది, కోపమూ ఉంది. బొమ్మ గీసే లిలీ బ్రిస్కోకు కూడా అంతే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ నాన్నకు కూడా తెలియదు.

1989లో డిగ్రీ విద్యార్థులకు ఈ నవల చెబుతున్నాను. రెండో భాగంలో పదేళ్లు గడిచిపోతాయి, ఇల్లు బూజు పడుతుంది. ఆ మధ్యలో, చదరపు బ్రాకెట్లలో, ఒకే వాక్యం. రామ్సే చీకటి వేకువలో తడబడుతూ చేతులు చాస్తాడు. ముందు రాత్రే భార్య హఠాత్తుగా చనిపోయింది, కాబట్టి ఆ చేతులు ఖాళీగా ఉండిపోతాయి. అంతే. ఉలవపాడు దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "మేడమ్, పేజీ ఏదో పోయిందనుకుని వెనక్కి తిప్పి చూశాను" అంది. గొంతు వణికింది. "మా అమ్మ పోయినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. అంతా అయిపోయాక చెప్పారు. నాకూ ఇలాగే తెలిసింది" అంది.

నేనేం చేశానో తెలుసా? సొంత సంగతులు పరీక్షలో రావన్నాను. బోర్డు వైపు తిరిగి, లైట్‌హౌస్ దేనికి ప్రతీకో నాలుగు అంశాలు రాశాను. ఆ అమ్మాయి కూర్చుంది. క్లాసు పరీక్షలో నా నాలుగు అంశాలనూ పొల్లుపోకుండా రాసింది. చివర ఒక వాక్యం రాసి, ఒకే గీతతో కొట్టేసింది. గీత కింద అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి: ఆ రోజు మా ఇంట్లో పాలు ఎవరూ కాచలేదు. దాని పక్కన ఎర్ర సిరాతో 'అప్రస్తుతం' అని రాసి కాగితం తిరిగి ఇచ్చేశాను. ఆ తరువాత ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పలేదు.

కొన్నేళ్లకు వుల్ఫ్ ఉత్తరాలు చదివాను. 1927లో నవల రాగానే ఆమె అక్క వనెసా, శ్రీమతి రామ్సేలో మన అమ్మను మళ్లీ బతికించావు, చూడటం దాదాపు బాధగా ఉందన్న అర్థంలో రాసింది. వాళ్ల అమ్మ పోయినప్పుడు వుల్ఫ్‌కు పదమూడేళ్లు. లైట్‌హౌస్‌కు తాను ఏ అర్థమూ ఉద్దేశించలేదని, పాఠకులు తమ తమ భావాలను అందులో దాచుకుంటారని నమ్మానని వుల్ఫే తన స్నేహితుడు, చిత్రకారుడు రోజర్ ఫ్రైకి రాసింది. సొంత అక్క స్పందన ఎలాంటిదో ఆ ఉలవపాడు అమ్మాయి మాటా అలాంటిదే. నేను దానికి ఎర్ర సిరా పూశాను. పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

అందుకే పాపా, ఆ పేజీ వచ్చిన వారం ఇంకేమీ పెట్టుకోకు. చదివాక నిశ్శబ్దం వస్తే మాటలతో పూడ్చకు. ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటే వాళ్లను ఒంటరిగా బస్సెక్కనివ్వకు, స్టాండు దాకా వెళ్లి కూర్చోబెట్టి రా. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకో, కొట్టేసిన వాక్యాలతో సహా.

ఇంకొక్క మాట. మీ అమ్మ పోయి రెండేళ్లయింది. నువ్వు బెంగళూరు నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు గుమ్మం దగ్గర సంచి దించకుండా ఎంతసేపు నిలబడ్డావో నేను చూశాను. ఆ వాక్యం పైకి చదివే పని నువ్వు పెట్టుకోకు, నా తల్లీ. ఇంకెవరికైనా ఇవ్వు, లేకపోతే నేను చదువుతాను.

ఏ వారమో ముందుగా చెప్పు, మధ్యాహ్నం రైలుకు వస్తాను. నీ పక్క కుర్చీ నాకు ఉంచు.

మీ అత్తయ్య