మందు పనిచేయకపోతేనే సంతోషం

ప్రశ్న: మా అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ‘టార్గెటెడ్’ మాత్ర ఇస్తున్నారు. ఇలాంటి మందుల గురి సరైనదో కాదో జన్యువు మార్చిన ఎలుకల మీద చూస్తారని చదివాను. మామూలు ఎలుకలో కణితి తగ్గితే చాలదా మేడమ్?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చాలదండీ. కణితి తగ్గితే మందు పనిచేసిందని తెలుస్తుంది, దేన్ని పట్టుకుని పనిచేసిందో తెలియదు.

ఓటీఎస్964 అనే మందు టాప్‌కే అనే ప్రొటీన్‌ను ఆపుతుందనుకున్నారు. 2014లో ఎలుకల్లో పెంచిన మనిషి ఊపిరితిత్తుల కణితులు దానితో కరిగాయి కూడా. 2019లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనశాలలో జేసన్ షెల్ట్‌జర్ బృందం క్యాన్సర్ కణాల్లో టాప్‌కే జన్యువును క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరించి, అదే మందు వేసింది. టాప్‌కే లేదు కాబట్టి మందుకు పనుండకూడదు. కణాలు ఎప్పట్లాగే చచ్చాయి! అది పట్టుకునేది సీడీకే11 అనే వేరే ప్రొటీన్‌నని తేలింది.

జన్యువు తీసేసిన చిట్టెలుకలదీ ఇదే లెక్క, కాకపోతే ఇక్కడ ఒళ్లంతా తెలుస్తుంది. టార్గెటే లేని ఎలుక మందు తిన్నా చలాకీగా తిరగాలి. నీరసించిందా, దెబ్బ ఇంకెక్కడో తగులుతోందన్నమాట. కొన్ని జన్యువులు తీసేస్తే పిల్ల కడుపులోనే పోతుంది. అప్పుడు జన్యువును ఉంచి, ప్రొటీన్‌లో మందు అతుక్కునే చోటు మాత్రం కాస్త మారుస్తారు.

నేను ఎలుకల గదిలో పనిచేసేటప్పుడు సగటున నాలుగు పిల్లల్లో ఒకటే ఆ జన్యువు లేకుండా పుట్టి మాకు పనికొచ్చేది. చూడ్డానికి అన్నీ ఒకటే. తోక కొన రవ్వంత కత్తిరించి, డీఎన్ఏ తీసి, జెల్ మీద గీతలు చూస్తేగానీ ఏది ఏదో తెలిసేది కాదు. ఓసారి మందు వేసిన ‘నాకౌట్’ (జన్యువు తీసేసిన) ఎలుక బొచ్చు నిక్కబొడుచుకుని మూలన ముడుచుకుంది. మందు గురి తప్పిందని మూడు రోజులు టెన్షన్. మళ్లీ తోక కోసి చూస్తే అది మామూలు ఎలుకే! ఎవరో రెండు బోనుల కార్డులు తారుమారు చేశారు. ఆ ‘ఎవరో’ నేనే కావచ్చు.

ఒక్క మాట. సైడ్ ఎఫెక్ట్ వచ్చిన ప్రతిసారీ గురి తప్పినట్టు కాదు. అమ్మగారిది ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్‌ను ఆపే మాత్రయితే ముఖం మీద మొటిమల్లాంటి దద్దుర్లు రావచ్చు. చర్మంలోనూ ఆ ప్రొటీనే ఉంటుంది మరి. దద్దుర్లొస్తే డాక్టరుకు చూపించండి, మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.